ముప్పై రెండు తీగలు, ఒక ఉప్పు గుంట

మావాళ్ళకి ఎర్తింగ్ అంటే గుంట. నాలుగడుగులు తవ్వి, ఒక వరస బొగ్గు, ఒక వరస రాళ్ళుప్పు వేసి, మధ్యలో ఇనప పైపు నిలబెట్టి, పైన నీళ్ళు పోయడానికి గరాటు పెడతారు. మన వైపు ఇల్లు కట్టుకున్న ప్రతి మగవాడూ ఎప్పుడో ఒకరోజు మేస్త్రీ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఆ గుంటను చూసే ఉంటాడు. ఆ ఒక్క రోజుతో తనకి కరెంటు గురించి తెలియనిది లేదనుకుంటాడు. సింగపూరు వచ్చి పదిహేనేళ్ళయినా ఆ గుంట వాళ్ళ బుర్రలో అలాగే ఉంటుంది, తడారకుండా.

నాది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. కాకినాడలో చదువుకునే రోజుల్లోనే హామ్ రేడియో లైసెన్సు, అంటే సరదాకి సొంత వైర్‌లెస్ నడుపుకునే లైసెన్సు, తీసుకున్నాను. మోర్స్ పరీక్ష, అంటే టెలిగ్రాఫు చుక్కలూ గీతల పరీక్ష, రాసి మరీ తీసుకున్నాను. ఈ మాట గొప్ప కోసం చెబుతున్నానని తెలుసు, అయినా చెబుతున్నాను. ఇక్కడ చోవా చూ కాంగ్‌లో పదకొండో అంతస్తులో ఉంటాను. నా యాంటెన్నా ఇన్నేళ్ళూ బట్టలారేసే వెదురు కర్ర పక్కన వేలాడే ఒక బక్క తీగ. నేలమీద యాంటెన్నా నిలబెట్టాలంటే ముందు నేల ఉండాలి కదా. అది హౌగాంగ్‌లో అంకుల్‌కి ఉంది. మూల మీద టెర్రస్ ఇల్లు, అంటే వరస ఇళ్ళలో చివరిది, పక్కన రెండు కార్లు పట్టేంత గడ్డి.

అంకుల్ ఒకప్పుడు ఓడల్లో రేడియో ఆఫీసరు. ఎనభై మూడేళ్ళు. చెవులు దాదాపు పోయాయి. మనిషి మాట ఆయనకి గొణుగుడులా తప్ప చేరదు. మోర్స్ కూత మాత్రం, అది కూడా ఎడమ చెవికి, ఇంకా అందుతుంది. ఆయనతో అదే ఓడలో పనిచేసిన స్నేహితుడు విశాఖపట్నంలో ఉన్నాడు. ఆయనకీ లైసెన్సు ఉంది, ఆయనకీ చెవుడే. ఇద్దరు చెవిటివాళ్ళు ఫోన్‌లో ఏం మాట్లాడుకుంటారు? అటు కోడలు పొద్దున్నే వాట్సాప్‌లో పువ్వుల బొమ్మ పంపిస్తుంది, ఇటు మనవరాలు చప్పట్ల బొమ్మ పంపిస్తుంది. పెద్దవాళ్ళు రోజూ మాట్లాడుకుంటున్నారని ఆ రెండు కుటుంబాలూ నిశ్చింతగా ఉన్నాయి.

ఆ స్నేహితుడు ఇంటిని బిల్డరుకి ఇచ్చేశాడు. నెలాఖరుకి అపార్టుమెంటుకి మారిపోవాలి, యాంటెన్నా పీకేస్తారు. ఈ సంగతి తెలిసేటప్పటికి మూడు ఆదివారాలు మిగిలాయి. ప్రతి ఆదివారం సాయంత్రం మా టైము ఐదున్నరకి రేడియోలో కలుద్దామని వాళ్ళు కోడలి ఫోన్ ద్వారా అనుకున్నారు. అంకుల్ నాకు ఫోన్ చేసి, అవతల నేనేమంటున్నానో వినపడక, తనే అరిచి చెప్పారు: “అమ్మాయ్, నాకు నిలువు యాంటెన్నా ఒకటి పెట్టాలి. మకాన్ ఇక్కడే, మా ఇంట్లోనే భోంచేద్దువుగాని, వచ్చేయ్!”

నేను వెళ్ళేసరికి గుంట తవ్వేసి ఉంది.

తవ్వించినవాడు మా హామ్ రేడియో గ్రూపులోవాడే, ఒక బ్యాంకులో ఐటీ మేనేజరు. లైసెన్సు తీసుకుని రెండేళ్ళయింది. మోర్స్ రాదు, ఇప్పుడు పరీక్షలో అడగరు కాబట్టి రావలసిన అవసరమూ లేదు. అతనికున్న పరికరాలు నా దగ్గర లేవు, అతనికున్న ధీమా నా దగ్గర అసలే లేదు. నన్ను ఆంటీ అంటాడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, అంతే.

“ఆంటీ, ఎర్తింగ్ ఈజ్ ఎవ్రీథింగ్. మా గుంటూరులో నాన్నగారు వేయించిన పిట్ ఇప్పటికీ సూపర్‌గా ఉంది. బొగ్గు ఇక్కడ సాటే చికెన్ కాల్చేవాళ్ళు కొనే షాపులో దొరికింది. డైలీ కొంచెం వాటర్ పోస్తే చాలు.”

రోజూ మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడే దేశంలో గుంటకి నీళ్ళు పోయాలట! పైగా నీళ్ళు నిలిచాయంటే దోమల తనిఖీవాళ్ళు తలుపు తడతారు. అది చెప్పాను. గరాటుకి మూత పెడతానన్నాడు.

గుంట తవ్విన మనిషి పక్కనే చేతులు కడుక్కుంటున్నాడు. షిప్‌యార్డులో పని, వుడ్‌ల్యాండ్స్ వైపు డార్మిటరీలో ఉంటాడు. అంకుల్‌దీ, అతనిదీ శ్రీకాకుళం జిల్లాలో పక్కపక్క ఊళ్ళు. ఆ చుట్టరికంతో డ్యూటీ లేని ఆదివారాలు ఇక్కడికొచ్చి వండుకుని తిని, అంకుల్‌కీ పెట్టి వెళతాడు. నలభై దాటిన మనిషి. తవ్వమంటే తవ్వాడు. మేనేజరు కుర్చీలో కూర్చుని లోతు చెబుతూ వచ్చాడట.

నిలువు యాంటెన్నా అంటే సగం యాంటెన్నాయే. రెండో సగం నేల. కరెంటు పైకి వెళ్ళినంత సులువుగా నేలమీదుగా వెనక్కి రావాలి. అందుకోసం యాంటెన్నా మొదలు నుంచి చుట్టూ గొడుగు ఊచల్లా రాగి తీగలు పరుస్తారు. వాటినే రేడియల్స్ అంటారు. లోతుగా పాతనక్కర్లేదు, గడ్డి వేళ్ళలో ఒదిగితే చాలు. ఎన్ని ఎక్కువైతే అంత మంచిది. ఉప్పు గుంట పిడుగుకి పనికొస్తుందేమో గాని రేడియోకి పనికిరాదు. దాంతో మీటరు బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, పవరంతా వానపాములకి వెచ్చదనం ఇవ్వడానికే సరిపోతుంది. ఇదంతా నిదానంగా చెప్పాను. మేనేజరు విని, “బట్ ఎస్‌డబ్ల్యూఆర్ వన్ పాయింట్ త్రీ ఉంది ఆంటీ,” అని మీటరు చూపించాడు. పంపిన పవర్ వెనక్కి రావడం లేదని చెప్పే లెక్క అది.

మొదటి ఆదివారం ఆ గుంటతోనే పిలిచారు. విశాఖపట్నం నుంచి స్నేహితుడి కూత బాగానే వచ్చింది. మనది ఆయనకి అంతంతమాత్రం. “చాలా బలహీనం, ఎవరు, ఎవరు,” అని అడిగి అడిగి, చివరికి అంకుల్ పేరు పట్టుకున్నాడు. అంతలో అనుకున్న అరగంటా అయిపోయింది. అంకుల్ ముఖం చూసి నాకు కడుపు మండింది. మరో నాలుగు రోజులకి గుంట పక్కనున్న కరివేపాకు చెట్టు ఆకు రాల్చేసింది. హౌగాంగ్‌లో సగం తెలుగు వంటలకి ఆకు ఇచ్చిన చెట్టు. ఉప్పు వేళ్ళకి దిగింది. మేనేజరు తెలివి ఏపాటిదో చెట్టుకి కూడా అర్థమైంది గాని వాడికి అర్థం కాలేదు.

ఇక నేనే పని చేతిలోకి తీసుకున్నాను. తీగ కావాలంటే షిప్‌యార్డు మనిషి తెచ్చిపెట్టాడు. తెలిసిన మోటారు రిపేరు షాపులో కొన్నాడట, పెద్ద చుట్ట, తళతళలాడే రాగి. శనివారం సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఇచ్చాడు. మర్నాడు పగలంతా ఓవర్‌టైమ్, రాలేనన్నాడు. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాడు.

“మేడం, ఆ తీగ సివర్లు...”

“చివర్లు భూమిలోకి దించనక్కర్లేదు. గుంటలోకీ కలపనక్కర్లేదు. నాకు తెలుసు,” అన్నాను.

“అది కాదండి...”

“నాకు తెలుసయ్యా.”

అతను తలూపి వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్న ఏడింటి నుంచి గడ్డిలో మోకాళ్ళ మీద పాకాను. ముప్పై రెండు తీగలు. ఒక వైపు గోడ అడ్డొస్తే గోడ వెంట మళ్ళించాను. తీగ పైకి లేవకుండా జానెడు దూరానికొకటి తలపిన్ను గుచ్చాను. మా బ్లాకు కింద షాపులో ఉన్న తలపిన్నులన్నీ కొనేశాను. షాపులో చైనీస్ ఆంటీ నా జుట్టు వంక చూసి ఏదో అడగబోయి ఊరుకుంది. ఎర్రచీమలు మోచేతుల దాకా ఎక్కాయి. మేనేజరు నీడలో కూర్చుని ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాడు. ‘టీమ్ వర్క్’ అని రాశాడు. తీగల మొదళ్ళన్నీ యాంటెన్నా కింద రాగి పళ్ళెం చుట్టూ బోల్టులతో బిగించాను, ఒక్కొక్కటీ పట్టి లాగి చూసి మరీ. ఆ వయసులో, ఆ ఎండలో, అంత శుభ్రంగా ఎవరు చేస్తారు? చేసినంతసేపూ అదే అనుకున్నాను.

ఐదు గంటలకి స్పానర్ తీసుకుని, మేనేజరు చూస్తుండగా గుంట నుంచి వచ్చే తీగను విప్పి పక్కన పడేశాను. అతని ముఖం చూడాలనే చేశాను. చూశాను కూడా, చాలా హాయిగా అనిపించింది.

లోపలికి వచ్చి రేడియో పెట్టి చూస్తే మీటరు ముల్లు ఎర్రగీత దాటి ఆ చివరకి వెళ్ళి కూర్చుంది. పంపిన పవరంతా వెనక్కి వచ్చేస్తోంది. రేడియో తనని తాను కాపాడుకోవడానికి పవర్ దించేసింది. కేబుల్ అనుకున్నాను, మార్చాను. కనెక్టర్ అనుకున్నాను, విప్పి మళ్ళీ బిగించాను. ఐదున్నర అయింది. అంకుల్ ఎడమ చెవికి ఇయర్‌ఫోన్ అదుముకుని చెయ్యెత్తారు. వచ్చాడు. విశాఖపట్నం పిలుస్తోంది.

అంకుల్ బదులిచ్చారు. అటు వినపడలేదు. మళ్ళీ ఇచ్చారు. అటువైపు అదే పిలుపు.

మేనేజరు మెల్లగా అన్నాడు. “ఆంటీ, ఫర్ నౌ ఆ పిట్ వైర్ మళ్ళీ తగిలిద్దామా? టూ మినిట్స్ పని. వీక్‌గా అయినా వెళ్తుంది కదా.”

నిజమే, రెండు నిమిషాల పని. స్పానర్ నా చేతిలోనే ఉంది. పోయిన వారం వెళ్ళినట్టు ఎంతోకొంత వెళ్ళేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు, తర్వాత తెలిసింది కాదు.

“ఆ ఉప్పు గుంట జోలికి నేను వెళ్ళను,” అన్నాను. “కేబుల్‌లో ఎక్కడో ఉంది. చూస్తాను.”

ఇరవై నిమిషాలు చూశాను. అంకుల్ మోర్స్ కొట్టే కీ మీద నుంచి చెయ్యి తీసి పెన్సిల్ పట్టుకున్నారు. ఓడలో అలవాటు, విన్నది విన్నట్టు రాయడం. నేను బయటికీ లోపలికీ తిరుగుతూనే ఉన్నాను. ఒకసారి లోపలికి వచ్చేసరికి ఆయన ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశారు.

కాగితం నావైపు తిప్పారు. తన కాల్‌సైన్, అదే రేడియోలో ఆయన్ని పిలిచే పేరు, ఒకదాని కింద ఒకటి పేజీ నిండా. అడుగున స్నేహితుడు పంపిన ఒక్క వరస ఇంగ్లీషు, ఓడల్లో రాసుకునే పొడి అక్షరాలు. వినపడటం లేదు, నువ్వు బాగున్నావనే అనుకుంటాను, వచ్చే వారం వస్తాను, అదే ఆఖరు. నేను చదివాను. మేనేజరు తొంగి చూశాడు గాని ఆ పొడి అక్షరాలు అతనికి తెలియవు.

ఏడు కావస్తుండగా షిప్‌యార్డు మనిషి చేపల పొట్లంతో వచ్చాడు. బల్ల మీద వదిలేసిన ఇయర్‌ఫోన్ చూసి పొట్లం పక్కన పెట్టి గడ్డిలోకి వెళ్ళాడు. పళ్ళెం దగ్గర గొంతుక్కూర్చుని ఒక తీగ మొదలు గోటితో గీరాడు.

“సివర్లు గీకనేదేటి మేడం?” అన్నాడు. “ఇది మోటారు వైండింగ్ తీగ కదండి. పైన వార్నీషు పూత ఉంటాది, అద్దంలాగ. కంటికి కనపడదు. గీక్కపోతే కరెంటు అంటుకోదు. ఊళ్ళో పదేళ్ళు పంపుసెట్టు మోటార్లు చుట్టినాను నాను. నిన్న సెప్దామనే వచ్చినాను.”

ముప్పై రెండు తీగలు. బోల్టులతో బిగించి, పట్టి లాగి చూసిన ముప్పై రెండు తీగలు ఆ పళ్ళేనికి ఒక్కటీ తగల్లేదు. ఇంజినీరింగ్ మొదటి ఏడు ల్యాబ్‌లో మేమందరం కాయిల్ చుట్టేముందు గీకినదే ఆ పూత. నాకు నామీద అసహ్యం వేసింది. మేనేజరుకి తెలియదు, అతను తెలియనివాడిలా ప్రవర్తించాడు. నాకు తెలుసు. తెలిసినదాన్నయి ఉండి, చెప్పడానికొచ్చిన మనిషి నోరు మూయించాను. ఆ ఇద్దరు ముసలి స్నేహితులకి మిగిలిన రెండు ఆదివారాల్లో ఒకటి తినేశాను.

షిప్‌యార్డు మనిషి జేబులోంచి చాకు తీశాడు. నేను గరుకు కాగితం పట్టుకున్నాను. ఇద్దరం బోల్టు బోల్టూ విప్పి, ఒక్కో మొదలూ గీకి, మళ్ళీ బిగించాం. మేనేజరు టార్చి పట్టుకున్నాడు. వంక పెట్టకుండా, ఫోటో తీయకుండా పట్టుకున్నాడు. అది చూసి నాకు మరీ చిరాకు వేసింది. ఆఖరి బోల్టు బిగించాక ముల్లు మర్యాదగా ఈ చివరకి వచ్చి పడుకుంది.

ఆఖరి ఆదివారం మేమందరం అంకుల్ వెనక నిలబడ్డాం. షిప్‌యార్డు మనిషికి ఆ రోజు సెలవు. ఐదున్నరకి విశాఖపట్నం పిలిచింది, అంకుల్ ఒక్కసారి బదులిచ్చారు, అంతే, అందుకుంది. రెండు చేతులు రెండు దేశాల్లో కీ మీద పరుగెత్తాయి. మోకాళ్ళ నొప్పులు, పోయినవాళ్ళ పేర్లు, ఎప్పటిదో ఒక ఓడ కెప్టెను మీద తిట్లు. స్పీకర్ కూడా పెట్టారు కాబట్టి ఆ కూత గదంతా వినిపిస్తోంది. అది చదవగలిగింది గదిలో అంకుల్, నేను మాత్రమే.

చివర్లో అటునుంచి ప్రశ్న వచ్చింది. ఇంత బలంగా ఎలా వస్తున్నావు, పోయిన వారం ఏమైపోయావు?

అంకుల్ తల తిప్పి నా వంక చూశారు. కీ మీద నుంచి చెయ్యి తీయకుండా, నన్నే చూస్తూ, నాకు ఒక్క అక్షరం కూడా తప్పిపోకుండా నెమ్మదిగా కొట్టారు. ‘ఇక్కడ చాలా తెలివైన ఇంజినీరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడకి అన్నీ తెలుసు. అందుకే వారం ఆలస్యమైంది.’

అటునుంచి నవ్వు వచ్చింది, మోర్స్‌లో నవ్వు రెండు అక్షరాలు, హెచ్, ఐ.

“ఏమంటున్నారు ఆంటీ?” అన్నాడు మేనేజరు ముందుకి వంగి. షిప్‌యార్డు మనిషి కూడా నావైపు చూశాడు.

“యాంటెన్నా బాగుందంటున్నారు,” అన్నాను.