కడగొద్దన్న ఫోటో

ఈ మాట గొంతులో అడ్డం పడి చాలా ఏళ్లయింది. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో తిరుపతిలో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. టీవీలో పిల్లల కార్యక్రమం నడిపే అక్కయ్య మా ఊరికి షూటింగుకొచ్చింది. మోకాళ్ల దాకా జడ, జడ నిండా కనకాంబరాలు. ఆదివారం ఆ జడ ఊపుతూ ఆమె కథ చెబుతుంటే టీవీ ఉన్న ఇంట్లో పిల్లలు కిక్కిరిసిపోయేవాళ్లు. షూటింగు జరిగేటప్పుడు ఫోటోలు తీసే పని నాకు దొరికింది. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. విరామంలో, తెరగా కట్టిన దుప్పటి వెనక్కి వెళ్లాను. ఆమె జడతో సహా జుట్టంతా తీసి ఒళ్లో పెట్టుకుని చెమట తుడుచుకుంటోంది. నున్నటి గుండు. నా వేలు ఆగలేదు.

క్లిక్‌మన్న చప్పుడుకు తలెత్తింది. ఆమెదీ మా చిత్తూరు వైపే, నోరు తెరిస్తే ఆ యాసే.

"మొక్కు అనుకొంటివా అప్పా? కాదు, జబ్బు. మందులకు రాలిపాయ. పైవాళ్లకు తెలిస్తే నన్ను తీసేస్తారు. ఆ ఫోటో కడగొద్దు."

"రీలు కడిగినాక ఆ ఒక్కటీ కత్తిరించి కాల్చేస్తానక్కా. నా బిడ్డ మీద ఒట్టు."

"బిడ్డ మీద ఎందుకులే. నీ మాట సాలు," అని నవ్వింది.

కాల్చలేదు. ఎంత మంచి ఫోటో అది! ఆ వెలుతురు, ఆ ముఖంలో అలసట, ఒళ్లో జడ. జన్మలో మళ్లీ అలాంటిది తీయలేదు. వారపత్రిక విలేకరి ఒకాయన స్టూడియోకు వస్తే చూపించాను. గుండేమిటని అడిగితే, కొండ మీద తలనీలాలు ఇచ్చిందన్నాను. మా ఊళ్లో గుండు చూసి నవ్వేవాడెవడు? దేవుడి పేరు చెబితే ఆమెకు గౌరవమే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? ఎలా నమ్ముతాను, జబ్బని ఆమె నోటితోనే విన్నాక?

పత్రికలో వచ్చింది. టీవీ పెద్దలు పిలిచి అడిగితే, ఆమె మొక్కు లేదని, జబ్బని ఉన్నదున్నట్టు చెప్పిందట. పిల్లలు జడుసుకుంటారని తీసేశారట. తర్వాత ఇంకెవరో వచ్చి కథ చెబుతుంటే మా పాప అక్కయ్యేదని ఏడ్చింది. ఆ ఫోటో పత్రికకెలా చేరిందని మా ఆవిడ అడిగితే, నెగెటివు ఎవరో ఎత్తుకుపోయారని చెప్పి, లేని ఆ దొంగను నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. ఛీ!

ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే కవర్లో పెట్టి విలేకరి చేతికిచ్చాను. ఆమె తర్వాత ఏమైందో, అసలు ఉందో లేదో కూడా ఎవరినీ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

ఇంకొకటి మిగిలింది. ఆ పత్రిక చేతికొచ్చిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఆమె కోసం కాదు. ఫోటో కింద నా పేరు వేయలేదని.

అమ్మయ్య. అదీ చెప్పేశాను.