పిడుగు పడ్డ ఇంట్లో తమ్ముడు

యాభై దాటిన ప్రసన్నకుమార్ తెనాలి వైపు మనిషి. మన్సూరాబాద్‌లో అరుణమ్మగారి మేడమీద గదిలో ఒక్కడే ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. దిల్‌సుఖ్‌నగర్‌లో పనిచేసిన కోచింగ్ సెంటర్ మూతపడ్డాక, గదిలోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రమైతే "సార్, వినిపిస్తోందా?" అని పలకరించే గొంతులు అందులోంచే వచ్చేవి. ఇంకెక్కడినుంచీ వచ్చేవి కావు.

అరుణమ్మ అక్కడి పాత కాపురస్తురాలు. అతను గదిలో దిగిన ఏడాదే శ్రావణంలో మెట్లెక్కి వచ్చి, "నాకు తోడబుట్టినోళ్ళు లేరు తమ్మీ, చెయ్యియ్యి" అంది.

"మా వైపు ఈ అలవాటు తక్కువండీ" అని నసిగాడు గానీ, ఆమె కట్టిన రాఖీని రంగు వెలిసేదాకా చేతికే ఉంచుకున్నాడు. అప్పటినుంచి ఏటా ఆమెకు చీర పెడతాడు. బోనాలకు ఆమె అతన్ని కిందికి పిలిచి ముందు అతనికే వడ్డిస్తుంది.

మొన్న ఆషాఢంలో ఒక సాయంత్రం ఇంటి పక్కనే పిడుగు పడింది. కింద టీవీ, పైన ల్యాప్‌టాప్ ఒకేసారి చచ్చాయి. రిపేరు షాపువాడు మూత విప్పి చూసి, లాభం లేదన్నాడు.

"పరేషాన్ గాకు తమ్మీ. ఇంటికి ఇన్సూరెన్స్ చేపిచ్చినం గద. టీవీతోని నీది గూడ రాపిస్త," అంది అరుణమ్మ.

పాలసీ అడిగి తెచ్చుకుని చదివాడు. ఇంట్లో సామాను పిడుగుకి పాడైతే డబ్బు వస్తుంది, ల్యాప్‌టాప్ కూడా సామానే. కాకపోతే అది యజమానిదో, కలిసి ఉండే కుటుంబ సభ్యులదో అయ్యుండాలి. అద్దెకున్నవాళ్ళు తమ సామానుకు వేరే పాలసీ తీసుకోవాలి. ఇంత తేలిక లెక్కలో మన లెక్కల మాస్టారు తప్పాడు. కుటుంబ సభ్యులన్నచోట రాఖీని కూడా కలుపుకున్నాడు.

నష్టం చూడ్డానికి కంపెనీ మనిషి వచ్చాడు. టీవీకి ఫొటో తీసుకుని మేడమీదికొచ్చి ల్యాప్‌టాప్ చూశాడు. "ఈయన మీకేమవుతారమ్మా?" అని అడిగాడు.

ఆ క్షణంలో ప్రసన్నకుమార్ ల్యాప్‌టాప్ సంగతే మర్చిపోయాడంటే నమ్మండి. ఆమె నోట ఆ ఒక్క మాట వినాలని ప్రాణం కొట్టుకుంది. ఆమె వెనక కొడుకు చైతన్య నిలబడి ఉన్నాడు, ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. "కాయితం మీద సొంతోళ్ళని రాపిస్తే రేపు ఇంట్ల వాటా అడుగుతరమ్మా" అని అతను పొద్దున తల్లితో అనడం మెట్లమీదికి వినిపించింది.

"కిరాయికుంటడు సార్," అంది అరుణమ్మ.

ఆమె అబద్ధం చెప్పలేదు. అందుకే కోప్పడే వీలు కూడా లేకపోయింది. ఇన్నేళ్ళూ తనకొక అక్క ఉందనుకున్నాడు, ఆ అక్కే పోయినంత బాధేసింది.

శ్రావణానికి కింద కొత్త టీవీ వచ్చింది. ఇతను ఫోనులోనే పాఠాలు చెబుతుంటే, అక్షరాలు కనబడక సగం మంది పిల్లలు మానేశారు. రాఖీ నాడు ఆమె పైకొస్తే ఏం మాట్లాడాలో తెలియక, పొద్దున్నే గదికి తాళం వేసి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాడు. దిగి వెళ్ళాల్సిన ఇల్లేమీ లేదు. చివరి స్టేషన్ దాకా వెళ్ళి వెనక్కి, మళ్ళీ ముందుకి తిరిగాడు. రైల్లో ఎవరి చేతికి చూసినా రాఖీయే.

సాయంత్రం వచ్చేసరికి గది తాళానికి రాఖీ కట్టి ఉంది. గుమ్మం పక్కన పళ్ళెంలో మిఠాయికి చీమలు పట్టాయి. రాఖీ విప్పితేగాని తాళం రాదు, విప్పాడు. మంచం మీద కూర్చుని, దాన్ని మణికట్టుకు కట్టుకోబోయాడు. ఒంటిచేత్తో ముడి పడలేదు. పళ్ళతో పట్టి లాగితే జారిపోయింది.

కింద కొత్త టీవీ మోగుతోంది. మెట్లు దిగి చెయ్యి చాపితే ఆమె కట్టేది. ప్రసన్నకుమార్ మళ్ళీ దారాన్ని పళ్ళతో పట్టుకున్నాడు.