పెళ్ళి వీడియోకి మార్కులు

శివరాత్రి వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజులు. మా మనవరాలు అమలాపురంలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని ఒకే వీడియోని రకరకాలుగా చెడగొట్టేది. చెడగొట్టడానికి ఇంత కరెంటెందుకే అని అడిగాను.

వీడియోని సీడీలో పట్టించాలంటే కుక్కాలట. కుక్కిన కొద్దీ బొమ్మ పాడవుతుందట. ఎంత పాడయిందో కంప్యూటరు అసలు బొమ్మతో చుక్క చుక్కా పోల్చి ఒక అంకె చెబుతుంది. కానీ ఆ అంకె బాగుందన్న బొమ్మ ఒక్కోసారి మనిషి కంటికి బాగుండదు. అందుకని మనుషులు కూడా చూసి ఐదుకి మార్కులు వెయ్యాలి. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో తేల్చడమే దాని ప్రాజెక్టు. తేల్చకపోతే పట్టా ఆగిపోతుంది.

మనుషులంటే మా వీధి ఆడవాళ్ళమే.

వెలుతురు పడితే కన్ను మోసపోతుందని ముందుగది కిటికీలకి దుప్పట్లు కట్టింది. దుప్పట్లు ఎగురుతాయని ఫ్యాను ఆపేసింది. ఎవరూ తలుపు తియ్యకుండా లోపల గడియ పెట్టింది. బెంచీ జరపకూడదు, మాట్లాడకూడదు, పక్కవాళ్ళ కాగితం చూడకూడదు. మూడో తరగతితో బడి మానేసిన నన్ను మళ్ళీ పరీక్షకి కూర్చోబెట్టింది. చెమటకి నా చెయ్యి పక్కింటి వదినగారి చేతికి అంటుకుపోతోంది.

తీరా తెర మీద పడ్డది ఆ వదినగారి కూతురి పెళ్ళి. మనవరాలు ఆవిడ దగ్గరే సీడీ అడిగి తెచ్చుకుంది. మొదటిసారి బాగానే ఉంది. రెండోసారి తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి పెళ్ళికూతురి మొహం గళ్ళ తువ్వాలయిపోయింది. ముక్కెక్కడో కన్నెక్కడో తెలియలేదు.

మనవరాలు మిగతావాళ్ళ కాగితాలు తీసుకుని చూసి నీరుగారిపోయింది. అన్నీ ఐదులే.

"అదేంటండీ పిన్నిగారూ, మొహమే కనపడట్లేదు కదా?" అని ఎదురింటావిణ్ణి అడిగింది.

"పెళ్ళి బాగా చేసేరు కదమ్మా. ఆ పనసపొట్టు కూర ఇప్పటికీ నోట్లోనే ఉంది."

"బొమ్మకి వెయ్యాలండీ, పెళ్ళికి కాదు."

"ఆయ్. బొమ్మా బాగుంది."

ఇక నా కాగితమే మిగిలింది. వదినగారు నా చేతికేసే చూస్తున్నారు. ఐదు వేస్తే పిల్ల చదువు పోతుంది. ఒకటి వేస్తే ఇన్నేళ్ళ ఇరుగుపొరుగు పోతుంది. పనుందని లేచిపోదామంటే గోడవారగా ఇరుక్కున్నాను, అటు నలుగురు అడ్డం. చివరికి ఒకటి వేశాను.

"ఒకటా వదినగారూ? మా అమ్మాయి మొహానికా?"

"మొహమేదండీ? కనపడితే కదా మార్కు వెయ్యడానికి."

ఆవిడ పమిట సర్దుకుని లేచారు. దారి లేక మళ్ళీ కూర్చున్నారు.

"ఆ సీడీ తీసెయ్యవే," అన్నాను మనవరాలితో. "పొద్దున్నే వెళ్ళి కాలవ తీసుకురా. కాలవకి చుట్టాలు లేరు."

స్నేహితురాలి కెమెరా తెచ్చి, గుర్రపుడెక్క కొట్టుకొచ్చే చోట నీళ్ళు తీసింది. పారే నీళ్ళయితే కుక్కినప్పుడు ఇంకా తొందరగా చెడతాయని సంబరపడింది. మర్నాడు మళ్ళీ అదే గది, అవే దుప్పట్లు. వదినగారు రారనుకున్నాను. వచ్చి బెంచీ ఆ చివర కూర్చున్నారు.

ఈసారి ఎవరూ మొహమాటపడలేదు. నిన్న పనసపొట్టు కూర తలుచుకున్నావిడే "ఇవేం నీళ్ళమ్మా, కుడితిలా ఉన్నాయి" అని ఒకటి వేశారు. అదే బొమ్మకి కంప్యూటరు మంచి అంకె ఇచ్చిందని చూసుకుని మనవరాలు నవ్వింది. దానికి కావలసింది ఆ తేడాయే.

ఆఖరున చెడగొట్టని బొమ్మ వేసింది. అందరూ ఐదు వేస్తే నేను నాలుగు వేశాను. వదినగారి అమ్మాయికి ఒకటేసిన చేత్తో కాలవకి ఐదు వెయ్యలేకపోయాను.

"మామ్మా, ఇది అసలుదే."

"తెలుసు. నాలుగు చాలు."

బెంచీ ఆ చివర నుంచి వదినగారు అన్నారు: "నాలుగంటే ఆవిడ చాలా ఎక్కువే వేసేరమ్మా. మా పిల్లకి ఒకటే వచ్చింది."

ఎవరూ నవ్వలేదు. నేను లేవబోయాను.

"కూర్చో మామ్మా, ఇంకో విడత ఉంది," అంది మనవరాలు. గడియ తియ్యలేదు.