వచ్చిన పని ఏంటండీ?

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్కూల్లో ఆరో తరగతి పిల్లల దగ్గర్నుంచి హెడ్మాస్టరు గారి దాకా అందరికీ తెలుసు. అయినా అసలైన కోపమంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం పోయిన ఏప్రిల్లో, జిల్లా కేంద్రంలో విదేశీయుల కాగితాలు చూసే ఒక ఆఫీసు వరండాలో, మూడు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాకే. నా పక్కన ఒక విదేశీ స్త్రీ కూర్చుని ఉంది. అరవై రెండేళ్ల మనిషి, కాటన్ చీర, ఒళ్లో గుడ్డసంచీ. అందులో తెల్లదారపు ఉండ, లేసు సూది. ఎట్టకేలకు లోపలికి పిలిచిన ఆఫీసరు ఆవిడ వంక కన్నెత్తి కూడా చూడకుండా నన్నడిగాడు.

"ఆవిడ వచ్చిన పని ఏంటండీ?"

ఏడేళ్లుగా ఈ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తున్నాం ఆవిడా నేనూ. కంప్యూటర్లో చెప్పాం, కాగితం మీద చెప్పాం, గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబుల్‌కి కాఫీ ఇచ్చి మరీ చెప్పాం. చెప్పిన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు మొహం పెడతారు. మనిషి వచ్చిన పని చెప్తే నమ్మకపోవడానికి వీళ్లకి జీతం ఇస్తారేమో అనిపించేది నాకు.

మాది నరసాపురం. మా అమ్మ డెబ్భై ఏళ్లుగా లేసు అల్లుతోంది. ఏడేళ్ల కిందట ఈవిడ ఊళ్లు చూడ్డానికి వచ్చి, రేవు దాటి మా వీధిలో నడుస్తూ, మెట్ల మీద కూర్చుని అల్లుకుంటున్న అమ్మని చూసి ఆగిపోయింది. గంటసేపు కదల్లేదు. మర్నాడు మళ్లీ వచ్చింది. మూడో రోజుకి అమ్మ జరిగి పక్కన చోటిచ్చింది. ఆ ఏడాది చివరికి మా మేడమీది గది అద్దెకు తీసుకుంది. అప్పట్నుంచి ఏటా నవంబర్లో రావడం, ఎండలు ముదిరే వేళకి వెళ్లిపోవడం. ఆవిడ వీసా టూరిస్టు వీసా. ఒకసారి వస్తే ఆర్నెల్లకి మించి ఉండకూడదు.

వీధిలో అందరికీ ఆవిడ 'దొరసాని గారు'. మా అమ్మకి మాత్రం 'అది'. "అది కాఫీ తాగిందా?" "అదింకా లేవలేదేంటే?" అమ్మకి అంత చనువు నా దగ్గర కూడా లేదు. ఆవిడకి వచ్చిన తెలుగులో సగం అమ్మ తిట్లే. తప్పు పడగానే అమ్మ "పీకెయ్" అంటుంది. ఆవిడ గబగబా దారం లాగేసి, "పీకేశాను అమ్మగారూ" అని మళ్లీ మొదలుపెడుతుంది.

మొదటి ఏడాది నాకు రూలు తెలియదు. నాలుగో రోజున కానిస్టేబుల్ బండి మీద దిగాడు. "ఫారినర్ని ఇంట్లో పెట్టుకుని చెప్పలేదేంటండీ మేడమ్ గారూ?" అన్నాడు, నేనేదో పులిపిల్లని పెంచుతున్నట్టు. విదేశీయులు ఇంట్లో దిగిన ఒక్క రోజులోపల ఫారం సి అనేది ఆన్‌లైన్లో నింపాలట. సరే, రూలు రూలే. ఆ ఫారం నింపుదామని కూర్చుంటే ఫొటో సైజు ఎక్కువైందంటుంది, తగ్గిస్తే తక్కువైందంటుంది, అన్నీ నింపి చివరి బటన్ నొక్కేసరికి టైం అయిపోయిందని మొదటికి తీసుకెళ్లి కూర్చోబెడుతుంది. ఏటా నవంబర్లో నేను ఆ కంప్యూటర్ని తిట్టిన తిట్లు మా పిల్లలు వింటే నా దగ్గర చదువు మానేస్తారు.

ఎయిర్‌పోర్టులో ఆవిడ పాట్లు ఆవిడవి. "ఏటా ఎందుకొస్తున్నారు? నరసాపురంలో చూడ్డానికి ఏముంది?" అని అడిగాడట ఒకసారి కౌంటర్లో కుర్రాడు. "మా అమ్మగారి చేతులు" అందట ఈవిడ. పక్కన నిలబెట్టి నలభై నిమిషాలు బ్యాగులు వెతికారు. ఆ సంగతి విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. మా ఊళ్లో ఏముందని అడగడానికి నువ్వెవడివయ్యా? నువ్వెప్పుడైనా వచ్చి చూశావా?

ఒక్క మన వాళ్లనే అని ఏం లాభం. ఆవిడ పిలిచిందని మూడేళ్ల కిందట వేసవి సెలవులకి వాళ్ల దేశం చూసొద్దామని నేనూ అప్లై చేశాను. మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదని ఒక పేజీ ఉత్తరం పంపారు. ఇరవై ఆరేళ్ల సర్వీసూ, అమ్మనీ, ఇంటినీ వదిలేసి నేను వాళ్ల వీధుల్లో మంచు ఊడ్చుకుంటూ ఉండిపోతానట! ఆ ఉత్తరం చదివి ఆవిడ సిగ్గుతో ఏడ్చింది. నేను ఏడవలేదు. చింపి పొయ్యిలో పెట్టాను.

అసలు విషయానికి వస్తాను. మా అమ్మ దగ్గర ఒక అల్లిక ఉంది. పెద్ద గుండ్రటి బల్లగుడ్డ. మధ్యలో గోరంత చుట్టుతో మొదలై నలభై నాలుగు వరసలకి పూర్తవుతుంది. అది అమ్మకి వాళ్ల అమ్మమ్మ నేర్పింది. కాగితం మీద ఎక్కడా లేదు, అమ్మ వేళ్లలో ఉంది. నాకు రాదు. చిన్నప్పుడు సూది ముట్టుకుంటే చేతి మీద కొట్టేది. "చదువుకోవే, ఈ నడుంనొప్పి నాతో పోనీ" అనేది. నేను చదువుకున్నాను. వీధిలో మిగతా ఆడపిల్లలూ చదువుకున్నారు. ఇప్పుడు ఆ అల్లిక తెలిసిన మనిషి ఈ భూమ్మీద మా అమ్మ ఒక్కతే.

రెండేళ్ల కిందట అమ్మ కళ్లకి నీటికాసులని తేలింది. పోయిన చూపు రాదు, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు డాక్టరు గారు. ఆ మాట వినగానే ఈవిడ గళ్ల నోటుపుస్తకం ఒకటి కొని, కిందటేడు నవంబర్లో వస్తూనే ఆ బల్లగుడ్డ మొదలుపెట్టింది. పొద్దున్న వెలుతురు బాగున్న గంటా గంటన్నర అమ్మ పని చేయగలదు. ఆవిడ చూపుడువేలు పట్టుకుని, ఇలా తిప్పు, ఇక్కడ వదులు, ఇక్కడ బిగించు అంటూ చెప్పేది. ఆవిడ అల్లి, పీకి, మళ్లీ అల్లి, సరైందని అమ్మ వేళ్లతో తడిమి ఒప్పుకున్నాక గళ్లలో గుర్తులు వేసుకునేది. ఏప్రిల్ చివరికి ముప్పై ఒక్క వరసలు అయ్యాయి. ఇంకా పదమూడు ఉన్నాయి. వీసా గడువేమో పన్నెండు రోజులు.

అందుకే పొడిగింపు అడగడానికి ఆ ఆఫీసుకి వెళ్లాం. మూడు నెలలు చాలు. డాక్టరు చీటీ, నోటుపుస్తకం, సగం అల్లిన బల్లగుడ్డ, అన్నీ పట్టుకెళ్లాను.

"లేసు నేర్చుకోడానికి వచ్చారండీ" అన్నాను, కోపం అణుచుకుని.

ఆఫీసరు ఫోన్ తీశాడు. వేలితో కాసేపు పైకీ కిందికీ జరిపి నా వైపు తిప్పాడు. "మరి ఇదేంటండీ?"

చూశాను. ఫిబ్రవరిలో మా ఊళ్లో కట్టిన ఫ్లెక్సీ ఫొటో అది. ఎవడో పుణ్యాత్ముడు వాట్సాప్‌లో పంపినట్టున్నాడు.

మా వైపు సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. మాకు ఫ్లెక్సీ లేనిదే ఏ పనీ జరగదు. చెవులు కుట్టిస్తే ఫ్లెక్సీ, పదో తరగతి పాసైతే ఫ్లెక్సీ, కొత్త బండి కొంటే ఫ్లెక్సీ, చచ్చిపోతే ఇంకా పెద్ద ఫ్లెక్సీ. మా వీధి మహిళా సంఘం వాళ్లు కాలేజీ పిల్లలకి లేసు నేర్పుదామని కమ్యూనిటీ హాల్లో ఒక రోజు పెట్టుకున్నారు. ఫ్లెక్సీ ఉండాలి కదా. టీచర్ని కాబట్టి రాసే పని నాకిచ్చారు. నేర్పేది మా అమ్మ. అమ్మ ఫొటో అంటూ ఉన్నది ఆధార్ కార్డు మీదదే. అది చూసి ఫ్లెక్సీ షాపతను మొహం ముడుచుకున్నాడు. "ముసలావిడ ఫొటోకి ఎవరొస్తారండీ? దొరసాని గారిది పెద్దది పెడదాం, చూడండి జనం ఎలా వస్తారో" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

ఎనిమిదడుగుల ఫ్లెక్సీ. నిండా ఆవిడ నవ్వుమొహం. కింద ఎర్రక్షరాల్లో, 'విదేశీ నిపుణురాలిచే లేసు అల్లికలలో ఉచిత శిక్షణ. తరలి రండి.'

ఆవిడకి తెలుగు చదవడం రాదు. హాలు ముందు నిలబడి తన మొహం తనే చూసుకుని బిత్తరపోయి, ఏం రాశారని అడిగింది. స్వాగతం అని రాశాం అన్నాను. అమ్మకి అప్పటికే అంత దూరాన అక్షరాలు ఆనవు. తనూ అడిగింది. "లేసు నేర్పిస్తాం రమ్మని రాశానమ్మా" అన్నాను. రెండూ పూర్తి అబద్ధాలు కావు. అప్పుడు నాకు అలాగే అనిపించింది.

"నేర్చుకోడానికి వస్తే ఎవరూ ఏమీ అనరండీ" అన్నాడు ఆఫీసరు. "ఒకరి దగ్గర కూర్చుని కుట్టో, సంగీతమో నేర్చుకుంటే మాకేం అభ్యంతరం? టూరిస్టు వీసా మీద వచ్చి ట్రైనింగులు ఇవ్వకూడదు కదా."

"ఆవిడ ఇవ్వలేదండీ! ఆవిడకి నేర్పింది మా అమ్మ. ఇదిగోండి, పుస్తకం చూడండి" అని అరిచినంత పని చేశాను.

"మరి ఇందులో మీ అమ్మగారు లేరు కదండీ" అన్నాడు. ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి ఓపిగ్గా చూశాడు కూడా. "ఎవరు రాయించారండీ ఇది?"

ఏమడుగుతున్నారన్నట్టు ఆవిడ నా మొహంలోకి చూసింది.

"నేనేనండీ" అన్నాను.

"మీరే రాసి, మీరే కాదంటే ఎలాగండీ?" అన్నాడు.

ఆ నిమిషాన ఆ మనిషిని నేను ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను. ఆ చల్లటి గొంతుని, ఆ 'అండీ'లని, టేబుల్ మీద పెట్టిన అల్లికని ఒక్కసారి ముట్టుకుని కూడా చూడని ఆ చేతుల్ని. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. అతను అబద్ధమేమీ ఆడలేదు. అందుకే ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

పొడిగింపు ఇవ్వలేదు. గడువుకి ముందు రోజు పొద్దున్న రైలెక్కే ముందు ఆవిడ అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకుంది. "నవంబర్" అంది. "నవంబరే, మర్చిపోకు" అంది అమ్మ. దారిలో ఆవిడకి నేను ఫ్లెక్సీ సంగతి మొత్తం చెప్పేశాను. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. స్టేషన్ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

సెప్టెంబర్లో కొత్త వీసాకి అప్లై చేసింది. ఇవ్వలేదు. కారణం రాయలేదు. మళ్లీ చేసింది, మళ్లీ అదే. నేను పెట్టిన అర్జీలకి నంబర్లు వచ్చాయి గాని జవాబులు రాలేదు. నవంబరు వచ్చింది, ఆవిడ రాలేదు. వీడియో కాల్ చేసి చూశాం. అమ్మకి స్క్రీన్ ఒక వెలుగులాగా కనపడుతుందంతే. "వేలు పట్టుకుని చెప్పాల్సింది ఫోన్లో ఎలా చెప్తానే?" అని విసుక్కుని ఫోన్ నా చేతిలో పెట్టేసింది. ముప్పై ఒక్క వరసల బల్లగుడ్డ సూదితో సహా కవర్లో, గోడకి మేకు మీద ఉంది.

పోయిన ఆదివారం పొద్దున్న అమ్మ మెట్ల మీద ఎండలో కూర్చుని అడిగింది. "అసలు దాన్ని ఎందుకు రానివ్వట్లేదే? సరిగ్గా చెప్పు."

వీసా రూల్సమ్మా, ఆఫీసుల వెధవ బుద్ధులమ్మా అని ఎనిమిది నెలలుగా చెప్తూ వచ్చాను. ఆ రోజు ఎందుకో నోరు రాలేదు. ఫ్లెక్సీ మీద ఏం రాయించానో ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. ఆఫీసరు ఏమన్నాడో కూడా చెప్పాను.

అమ్మ తన పక్కన ఖాళీ మెట్టుని అరచేత్తో తడుముతూ కూర్చుంది.

"నా దగ్గర నేర్చుకుంటోందని రాస్తే ఏం పోయేదే?" అంది.

"జనం రారనుకున్నానమ్మా."

"వచ్చారా?"

"వచ్చారు. హాలు నిండింది. దాంతో సెల్ఫీలు దిగి వెళ్లిపోయారు" అన్నాను. నేనూ 'దాంతో' అనేశానని తర్వాత గమనించాను.

అమ్మ లేచి, గోడ పట్టుకుని లోపలికి నడుస్తూ, నాతో కాదన్నట్టు అంది.

"నేర్చుకుందామని వచ్చింది అదొక్కతే కదే."