లింబాద్రి నమ్మిన పల్లం

ఎడారి అంటే ఇసుకే కదా, ఇసుకంతా ఒకటే కదా అనేవాళ్లను నా ట్యాంకర్ ఎక్కించుకుని కువైట్‌లోని ఈ కబ్ద్ అంతా ఒకసారి తిప్పాలనిపిస్తుంది. నేను తోటలకు మంచినీళ్లు తోలే డ్రైవర్ని. నేల సంగతి నా కళ్లకంటే ముందు నా టైర్లకు తెలుస్తుంది. లింబాద్రి పనిచేసే తోటే తీసుకోండి, గేటు దాటగానే గులకరాళ్లు. బండి గడగడలాడుతుంది కానీ దిగబడదు. కొంచెం లోపలికి పోతే పిండిలాంటి ఇసుక. అక్కడ బ్రేకు వేశామా, ఇక ఆ పూటకు అక్కడే. ఇంకాస్త ముందుకు పోతే పైకి ఇసుకలాగే ఉంటుంది, కింద మాత్రం సున్నంతో గట్టిపడిన బండ. ఇక్కడివాళ్లు దాన్ని గచ్ అంటారు. ఒకే కంచె లోపల ఇన్ని రకాలు. ఈ సంగతి లింబాద్రికి ముందే చెప్పాను. వింటే కదా! "నీది టైర్ల ఎవుసం అన్నా" అని నవ్వేశాడు.

లింబాద్రిది జగిత్యాల దగ్గర పల్లె. వరి, పసుపు పండించిన ఇంట్లో పుట్టాడు. కబ్ద్‌లో బూ నాసర్ అనే పెద్దాయన తోటలో ఖర్జూరాలకు నీళ్లు పెట్టడం, మేకలను చూసుకోవడం అతని పని. మంచివాడే, కానీ మొండి. అతని భార్య కొమురక్క ఫింటాస్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. పెళ్లయిన కొన్నాళ్లకే లింబాద్రి గల్ఫ్ విమానం ఎక్కాడు. అప్పటినుంచి వాళ్ల కాపురమంతా ఫోన్లోనూ, సెలవుల్లోనూ. కూతురు ఒక ఇంటిదయ్యాక, ఇక విడిగా ఉండేది లేదని ఆమె కూడా వీసా తీసుకుని వచ్చేసింది. ఒకే దేశంలో ఉండటం వేరు, ఒకే ఇంట్లో ఉండటం వేరు అని వచ్చాకే తెలిసింది. ఆమెకు సెలవు శుక్రవారం ఒక్కరోజే. పొద్దున నా పాత కారులో తీసుకొచ్చి కబ్ద్‌లో దింపేవాణ్ణి, సాయంత్రం మళ్లీ ఫింటాస్ చేర్చేవాణ్ణి. తిరిగి పోయేటప్పుడు ఆమె కిటికీ అద్దం వైపు తిరిగి కూర్చునేది. ఆ సాయంత్రం ప్రయాణమంటే నాకు మహా కష్టంగా ఉండేది.

ఒక వేసవి చివర్లో లింబాద్రి ధైర్యం చేసి బూ నాసర్‌ను అడిగాడు. ఆయన్ని అందరూ బాబా అనే పిలుస్తారు. తోటలో వంటకు మనిషి కావాలి కదా, కొమురక్క ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, మీ పేరు మీదికి మార్చుకోండి అని అడిగాడు. బాబా గడ్డం నిమురుకున్నాడు. చలికాలంలో ఆయన కుటుంబమంతా తోటకు వచ్చి డేరాలు వేసుకుంటుంది. ఈసారి తన సొంత నేలలో కాసిన కూరగాయ తన పళ్లెంలో కనబడాలన్నాడు. కనబడితే కొమురక్క వస్తుంది. లేదంటే ఆ మాట మళ్లీ ఎత్తొద్దన్నాడు.

తోటలో దక్షిణం మూల ఒక పల్లం ఉంది. పొద్దున్నే చూస్తే అక్కడి నేల మిగతా చోట్లకంటే నల్లగా, తడిగా కనిపిస్తుంది. లింబాద్రి దాన్ని చూసి మురిసిపోయాడు. వాళ్ల ఊళ్లో ఎగువన మెట్ట చెలక, దిగువన వరి మడి. వానకు మెత్తటి మట్టంతా కిందికే కొట్టుకొస్తుంది కాబట్టి పల్లంలో పొలం ఉన్నవాడిదే రాజ్యం.

"గా రంగు సూడు అన్నా. తల్లి అసొంటి నేల" అన్నాడు.

"చూస్తాండా లేప్పా. పోయినేడు వానకు నా బండి దిగబడింది యాడనుకుంటాండావు? ఈడనే. వారమైనా నీళ్లు ఇంకలేదు."

"నీళ్లు నిలవడితె మంచిదే గదనే!"

అదీ వరి రైతు బుద్ధి! మడిలో నీళ్లు నిలబడి కనిపిస్తే తప్ప అతనికి అన్నం సయించదు. గట్లు పోసి, మడులు కట్టి, టమాట, ముల్లంగి, కొత్తిమీర, పాలకూర వేశాడు. అక్కడి బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి, ఖర్జూరాలకైతే చెల్లుతాయి. ఆ నీళ్లనే మడి నిండా పెట్టాడు. మొలకలు వచ్చాయి. అతనికంటే కొమురక్క ఎక్కువ సంబరపడింది. తన మామాతో, అంటే ఇంటి యజమానురాలితో, ముందే మాట్లాడి, వేరే చోటికి మారడానికి రిలీజ్ ఇస్తానని మాట తీసుకుంది.

మొక్కలు జానెడు కాకముందే ఆకుల అంచులు మాడాయి. దప్పిక అనుకుని లింబాద్రి ఇంకా నీళ్లు పెట్టాడు. ఇంకా మాడాయి. గట్ల వెంబడి తెల్లటి పొర తేలింది. అతనికి చౌడు నేల తెలియక కాదు. వేసవి గాలులు ఆ పల్లం మీద కొత్త ఇసుక కప్పేశాయి, కింది తెలుపు కనబడలేదు. పొద్దున కనిపించిన నలుపు సారం కాదు, ఉప్పు పట్టి ఉంచిన తడి. వాళ్ల ఊళ్లో మంచి నేలకు ఉండే గుర్తే ఇక్కడ చెడ్డ నేలకు గుర్తయింది.

ఆ శుక్రవారం కొమురక్క మడి దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత గడ్డపార తెచ్చి తవ్వింది.

"ఇగో, ఇటు సూడు. మోచేతి లోతుల బండ తగులుతున్నది. నువ్వు పెట్టిన నీళ్లు కిందికి పోతలెవ్వు. ఎండకు నీళ్లు పోతున్నయ్, ఉప్పు ఈడనే కూసుంటున్నది."

"నీకెట్ల ఎరుక?"

"మామా ఇంట్ల ఉప్పునీళ్ల నల్లాతోని వాకిలి కడుగుత గద. ఏ మూలకు నీళ్లు నిలుస్తయో గా మూలకే తెల్లగ పేరుకుంటది. గీకి గీకి నా గోర్లు అరిగినయ్."

"వాకిళ్లు కడిగెదానివి నాకు ఎవుసం చెప్పవడ్తివా?"

ఆమె గడ్డపార అక్కడే పడేసి వచ్చి కారులో కూర్చుంది. అప్పటికి ఇంకా మధ్యాహ్నమే. నాకు ఒళ్లు మండింది.

"ఏమప్పా లింబాద్రీ, ఆ యమ్మ ఈ దేశానికి వచ్చింది ఎవురి కోసరం? నీ టమాటాల కోసరమా?" అన్నాను.

కారు తీశాను. దారిలో ఆమె ఒక్క మాటే మాట్లాడింది. "గీ చలికాలం పోతె మళ్ల అడగద్దన్నడు గదా అన్నా, బాబా." ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తర్వాత నేను నీళ్లు తీసుకుని పోయేసరికి తోటంతా గుంతలు. లింబాద్రి ఒక్కో గుంతలో బకెట్ నీళ్లు పోసి, పక్కన గొంతుకూర్చుని చూస్తున్నాడు. గేటు దగ్గర గులకలో నీళ్లు పోసింది పోసినట్టే మాయమయ్యాయి. నడిమి ఇసుకలోనూ అంతే. పల్లంలో పోసినవి సాయంత్రానికి కూడా అలాగే ఉన్నాయి. మేకల కొట్టం వెనక కొంచెం ఎత్తులో, ఏళ్ల తరబడి పెంట ఇసుకలో కలిసిన చోట మాత్రం నీళ్లు నెమ్మదిగా ఇంకాయి. అక్కడి మట్టి పిడికిట్లో ముద్ద కట్టింది. కింద బండ అక్కడా ఉంది, కానీ లోతుగా, పగుళ్లతో.

"ఏమంటాంది నేల?" అని అడిగాను.

"నన్నే తిడుతున్నది."

మళ్లీ శుక్రవారం కొమురక్క వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. తప్పయిందని చెప్పడం లింబాద్రికి చేతకాదు. గడ్డపార ఆమె చేతికిచ్చి "యాడ తవ్వాల్నో చెప్పు" అన్నాడు. ఆమె చున్నీ నడుముకు బిగించి, మేకల కొట్టం వెనక్కి నడిచింది. ఈసారి గట్లు లేవు, మడులు లేవు. చిన్న చిన్న గుంతలు, కొంచెం కొంచెం నీళ్లు. ట్యాంకు అడుగున మిగిలిన మంచినీళ్లు నేను అక్కడే వదిలేవాణ్ణి. అయినా ఆలస్యం ఆలస్యమే. డేరాలు వేసే రోజుకి ముల్లంగి, కొత్తిమీర, పాలకూర చేతికొచ్చాయి కానీ టమాటాలు పచ్చిగానే ఉన్నాయి.

బాబా వచ్చిన రోజు నేను పైపు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆయన తిన్నగా పల్లం దగ్గరికే నడిచాడు. అక్కడ ఎండిన పుల్లలు, తెల్లటి నేల.  ఏమిటిదని బాబా అడిగాడు.

"నా తప్పే బాబా. మాయ్ వాయిద్" అన్నాడు లింబాద్రి, నీళ్లు మరీ ఎక్కువ పెట్టానని. ఇంకే సాకూ చెప్పలేదు. మేకల కొట్టం వెనక్కి తీసుకెళ్లాడు.

బాబా వంగి ఒక ముల్లంగి పీకి, కడిగి కొరికాడు. ఘాటుకు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇదెవరు వేశారని అడిగాడు. కొమురక్కా నేనూ ఇద్దరం వేశామన్నాడు లింబాద్రి. ఆమె శుక్రవారమే కదా వచ్చేది, అదీ సెలవు రోజే కదా అన్నాడు బాబా. అవునన్నాడు లింబాద్రి. బాబా మిగతా ముల్లంగి కూడా తినేసి, చేతులు దులుపుకున్నాడు.

"ఖలాస్. ఆమెను రమ్మను."

కాగితాలు పూర్తయ్యేసరికి వేసవి వచ్చింది. కొమురక్క సంచులన్నీ నా కారులోనే కబ్ద్ చేర్చాను. వారం తర్వాత నీళ్లు తీసుకుని పోతే, ఆమె రేకుల గది ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. లింబాద్రి దూరంగా ఖర్జూరాల దగ్గర ఉన్నాడు.

"ఎట్లుందమ్మా కొత్త కాపురం?" అన్నాను, కాస్త ఆటపట్టిద్దామని.

ఆమె నవ్వింది. నవ్వి, చాట కింద పెట్టింది.

"ఆయన నిద్రల మాట్లాడుతడన్నా. పెండ్లయి ఇన్నేండ్లాయె, నాకు తెల్వనే తెల్వది."

"ఏమంటాడు?"

"నన్నే పిలుస్తడు. నీ పక్కకే ఉన్ననయ్యా అంటె ఇనడు. 'ఫోన్ పెట్టెయ్యకు' అంటడు."