అవ్వ నోట ‘నాజూకు’

ఈరోజు ఆదివారం. పొద్దున హాస్టల్ నుంచి గద్వాల ఇంటికి వచ్చేసరికి మగ్గం లేదు. దాని గుంత మాత్రమే ఉంది. నాన్న అమ్మేశాడు.

నిఘంటువులో నాజూకు అంటే సుకుమారం. మన నేతగాళ్ల వాడలో పెరిగినవాళ్లకు గుర్తుందా, చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లనూ అలాగే అనేవారు. నేను ఏడిస్తే, తెగిన పట్టుపోగుకు బూడిద అద్ది మెలిపెడుతూ అవ్వ నవ్వేది.

"గింత నాజూకైతె ఎట్లనే పిల్లా? పోగంటె అతుకుత, నిన్నెట్ల అతకాలె?"

ఈరోజు అవ్వ అన్నం ముట్టలేదు. నేతకు కూర్చున్నట్టే గుంతలోకి కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

"గింత నాజూకైతె ఎట్లనమ్మా? మన చీరలు ఎవలు కొంటుండ్రు?" అన్నాడు నాన్న.



రేపు గుంత పూడుస్తారు. మట్టి ట్రాక్టర్ రాకముందే అవ్వను మల్దకల్ గుడికి తీసుకుపోవాలి.