తొమ్మిదో గది టిక్కు

ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. విశ్వవిద్యాలయంలో అమ్మాయిల హాస్టలుకి ఆయాగా చేరి ఇరవై రెండేళ్లయింది. తొంభై ఆరు గదుల మారుతాళాలు నడుముకి కట్టుకుని గలగలమంటూ తిరుగుతుంది కాబట్టి, ఏ సంవత్సరం పిల్లలో ఒకసారి "తాళాలమ్మ" అన్నారు. అన్న పిల్లలు చదువులైపోయి ఎటో వెళ్లిపోయారు, పేరు మాత్రం ఉండిపోయింది. లారీ తోలే మొగుడు కూడా పది రోజులకోసారి ఇల్లు చేరినప్పుడు అలాగే పిలుస్తాడు. "ఆ గుత్తి కాస్తా దాచేశాననుకో, నువ్వెవరో నీకే తెలీదు" అని ఏడిపిస్తాడు.

నోటి దురుసు మనిషే. తడి తువ్వాలు పరుపు మీద పారేసిన పిల్లని మెట్ల దగ్గరే పట్టుకుని నాలుగు దులుపుతుంది. అదే పిల్లకి జ్వరమొస్తే గంట గంటకీ వెళ్లి నుదురు తాకి చూస్తుంది. ఏ గది కిటికీకి గడియ పడదు, ఏ గది ఫ్యాను కీచుమంటుంది, ఏ గదికి పొద్దుటెండ వస్తుంది, కళ్లు మూసుకుని చెప్పగలదు. ఇంత తెలిసిన మనిషి ప్రతి వేసవిలోనూ చేసే పని ఒకటుంది. చెప్పడానికి నాకే నోరు రావడం లేదు గానీ, అది చెప్పకుండా ఈమె గురించి ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది.

సెలవుల్లో హాస్టలు ఖాళీ అవుతుంది. మొదటి సంవత్సరం పిల్లలు గదులు ఎంచుకునేలోగా గదికో కాగితం నింపాలి. మంచం, బల్ల, బీరువా, కిటికీ, కుళాయి, గోడ అని వరసగా ఉంటాయి. ఎదురుగా రెండు గళ్లు: "బాగుంది", "మరమ్మతు కావాలి". చూసి టిక్కు పెట్టి, కింద సంతకం చేయాలి. ఈ పని చేతికొచ్చిన మొదటి ఏడు తాళాలమ్మ మంచాల కింద దూరి మరీ చూసింది. పదమూడు గదులకి మరమ్మతు కావాలని పెట్టింది. సూపర్వైజరు పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన అరిచే రకం కాదు. అరిచుంటే ఆమె కూడా అరిచేది, ఏదో ఒకటి తేలిపోయేది.

"చూడమ్మా, నువ్వు మరమ్మతన్న గది లిస్టులోకి రాదు. అంటే పదమూడు మంది పిల్లలకి చోటు లేదని. బాగుచెయ్యమని పైవాళ్లనడిగితే వచ్చే ఏడు చూద్దాం అంటారు. మధ్యలో మాటలు పడేది నేనూ, నువ్వూ. ఎందుకొచ్చిన గొడవ చెప్పు?"

ఆ కాగితాలు చింపేసి కొత్తవి నింపింది. రెండో ఏడు తలుపులు తెరిచి, చూసీ చూడనట్టు టిక్కులు పెట్టింది. మూడో ఏటినుంచి తెరవడమే మానేసింది. మెట్ల మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, ఒక్క పూటలో తొంభై ఆరూ లాగించేస్తుంది. అన్నీ బాగున్నాయంటే ఎవరికైనా అనుమానం రావచ్చు కదా, అందుకని అక్కడక్కడా ఒక సొరుగుకో కుళాయికో మరమ్మతని పెట్టి, పక్కనే "సరిచేశాం" అని రాస్తుంది. అబద్ధానికి కూడా అంత పనితనం!

ఆ తొంభై ఆరింటిలోనూ పాపిష్టిది తొమ్మిదో నంబరు. కింది అంతస్తులో చివరి గది. గోడ వెనక స్నానాల గదుల పైపు ఎక్కడో లోపల కారుతుంటుంది. గోడంతా నల్లగా బూజు పడుతుంది. ప్రతి వేసవిలో గీకి, రంగు పూసి, బీరువా దానికి అడ్డంగా జరుపుతారు. లిస్టులో పెట్టే ఫొటోలో గది ముచ్చటగా ఉంటుంది. మూడు నెలలు తిరక్కుండా బూజు బీరువా అంచులు దాటి పాకుతుంది. రెండేళ్ల కిందట అందులో చేరిన పిల్ల చలికాలమంతా దగ్గి దగ్గి, మనిషి సగమైపోయి, చదువు మధ్యలో వదిలేసి వెళ్లిపోయింది. ఆ పిల్ల పెట్టె గేటుదాకా మోసింది తాళాలమ్మే. తర్వాత వేసవిలో తొమ్మిదికి గోడ బాగుందని టిక్కు పెట్టిందీ ఆమే. చేయి ఆగిందా అంటే, లేదు. అలవాటుపడిన చెయ్యి కదా.

ఈ ఏడు ఆమె ఒక్కగానొక్క కూతురికి అదే విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది.

ఆ పిల్లకి పుట్టిన రెండో ఏటినుంచీ ఉబ్బసం. గాలి మారినా, దుమ్ము రేగినా పిల్లికూతలు మొదలవుతాయి. రాత్రుళ్లు ఒళ్లో నిలబెట్టి వీపు రాస్తూ తెల్లార్చిన తల్లి. ఇంటినుంచి రెండు బస్సులు మారి, ఆ పొగలో రోజూ తిరిగితే పిల్ల మంచమెక్కుతుందని డాక్టరు ముందే అనేశాడు. హాస్టల్లో ఉంటేనే చదువు, లేకపోతే లేదు. తాళాలమ్మ అప్పటికే మనసులో ఎనభై ఎనిమిది ఖాయం చేసుకుంది. పై అంతస్తు, రెండు కిటికీలు, మధ్యాహ్నందాకా ఎండ, ఏ కాలంలోనైనా పొడిగా ఉండే గోడలు. మెట్లంటారా, నెమ్మదిగా ఎక్కితే ఎవరూ పోరు.

కానీ ఆ నంబరు కూతురికి ముందే చెప్పలేదు. అదే ఆమె చేసిన తప్పు. చెప్తే "మిగతావాటికేమైంది?" అంటుంది ఆ పిల్ల. అడిగితే వదలదు, జిడ్డు. అందుకని, "శుక్రవారం లిస్టొస్తుంది, నేను పక్కన కూర్చుని చెప్తాను, అందాకా దేన్నీ ముట్టుకోకు" అని మాత్రం అంది.

లిస్టు బుధవారమే వచ్చింది. పనివేళల్లో ఫోన్లు ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయాలని రూలు. అన్ని తాళాలూ ఉన్న ఆమె దగ్గర ఆ ఒక్క బీరువా తాళం లేదు. సాయంత్రం ఫోను చేతికొచ్చేసరికి కూతురి నుంచి ఏడు కాల్స్. తిరిగి చేస్తే కలవలేదు. పిల్లకి ఆయాసమొచ్చిందనుకుని పరుగులాంటి నడకతో బస్సెక్కింది.

తలుపు తీసిన పిల్ల ముఖం వెలిగిపోతోంది.

"ఎన్నిసార్లు చేశానమ్మా! లిస్టు పొద్దున్నే పెట్టేశారు. చూస్తుండగానే గదులు ఎగిరిపోతున్నాయి. ఇక లాభం లేదని ఫోన్లో నేనే తీసేసుకున్నాను. లాక్ కూడా అయిపోయింది, ఇక ఎవరూ మార్చలేరు."

"ఏ గదే?"

"తొమ్మిది! కింది అంతస్తు, మెట్లెక్కే పని లేదు. నీ సామాన్ల గది పక్కనే, మధ్యమధ్యలో వచ్చి నిన్ను చూడొచ్చు. ఇంకోటి చెప్పనా? అక్కడ గది కాగితం కూడా పెట్టారు. అన్నీ బాగున్నాయని టిక్కులు, కింద నీ సంతకం! మా అమ్మ చూసి రాసిందంటే ఇంకెవర్నడగాలి?"

తాళాలమ్మ చెప్పులు విడవకుండానే గోడకి ఆనుకుని కూలబడింది. నా చేత్తో నేనే నా పిల్లని ఆ గదిలోకి తోశాను కదా అనుకుంది. మంచినీళ్లు తాగింది, గ్లాసు కింద పెట్టింది, మళ్లీ తీసుకుంది.

"ఆ గదొద్దమ్మా. గోడ చెమ్మ. బూజు పడుతుంది. నీ ఊపిరికి పడదు."

"మరి కాగితం మీద బాగుందని..."

"రాశాను."

"చూడకుండానా?"

"చూడకుండానే. చూస్తే మాత్రం ఏమవుతుంది, అలాగే రాయాలి."

పిల్ల మెల్లిగా, "ఎన్నేళ్ల నుంచమ్మా?" అంది.

దాంతో తల్లికి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎన్నేళ్లయితే నీకెందుకే? పెద్ద జడ్జిలా అడుగుతున్నావు! ఆ టిక్కులు పెట్టకపోతే నా పని ఉండేదా? నీ మందులెక్కణ్ణుంచొచ్చేవి?" అని అరిచేసింది. అరిచి, వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పిల్ల వచ్చి పక్కన కూర్చుంది గానీ, ఎప్పట్లా తల భుజం మీద పెట్టలేదు.

మర్నాడు తెల్లవారుతూనే తాళాలమ్మ ఒక కాగితం రాసింది. తొమ్మిదో గది మనుషులుండడానికి పనికిరాదనీ, తను చూడకుండా సంతకం చేశాననీ, నాలుగే నాలుగు ముక్కలు. మడిచి సంచిలో పెట్టుకుని సూపర్వైజరు దగ్గరికి వెళ్లింది. తనకి ఏమైనా కానీ, పిల్ల మాత్రం ఆ గదిలో పడుకోకూడదు. దారిపొడుగునా అదే అనుకుంది.

ఆయన అంతా విన్నాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"లాకయిన గది మార్చాలంటే గది పనికిరాదని రాతలో ఉండాలి. రాస్తే పైనుంచి మనుషులొచ్చి తొంభై ఆరూ తెరిపిస్తారు. సంతకాలన్నీ ఎవరివమ్మా? నీవి. ముందు నువ్వు పోతావు, నీ వెనకాలే నేను. సరేలే, ఇంత దూరం ఎందుకు? ఉబ్బసం కాగితం ఉందా డాక్టరిచ్చింది? ఉంటే తీసుకురా. ఆరోగ్య కారణం మీద మార్చేస్తాను. పైన ఎనభై ఎనిమిది ఆపి ఉంచాను ఎవరికైనా అవసరం పడుతుందని. నీ పిల్లకి కాకపోతే ఇంకెవరికి?"

తాళాలమ్మకి చెయ్యెత్తి మొక్కాలనిపించింది. మొక్కింది కూడా. తర్వాత నీళ్లు నములుతూ, "మరి తొమ్మిది, సార్? మూసేస్తారా?" అంది.

"మూసేస్తే ఒక పిల్లకి చోటు పోతుంది. మూడువందల మంది ఇంకా ఎదురుచూస్తున్నారు. చోటు లేదని ఆ పిల్లకి నువ్వు చెప్తావా?"

చోటు లేదని చెప్పడం కూడా పాపమే అనిపించిందామెకి, ఆ క్షణాన. ఆయన టీ తెప్పించాడు. ఆమె తాగింది. సంచిలో కాగితం సంచిలోనే ఉండిపోయింది. నన్నడిగితే, ఆ టీ తాగేముందు ఆ కాగితం బల్ల మీద పెట్టి ఉండాల్సింది అంటాను. కానీ నా కూతురికి ఉబ్బసం లేదు.

పిల్లలు చేరే రోజు వచ్చింది. వాకిట్లో బల్ల వేసి, తాళంచెవులు నంబర్ల వారీగా పరిచి, రిజిస్టరు తెరిచి తాళాలమ్మ కూర్చుంది. పెట్టెలు, పరుపులు, బకెట్లు, కళ్లు తుడుచుకునే తల్లులు. కూతురు వరసలో అందరితోపాటు వచ్చి సంతకం పెట్టింది. ఎనభై ఎనిమిది తాళంచెవి అందుకుంది. ముఖంలో ఏ భావమూ లేదు. వారం రోజులుగా ఇంట్లోనూ అంతే. అడిగితే చెప్తుంది, లేకపోతే లేదు. పెట్టెకి కట్టిన పట్టీ తెగితే ముడేసుకుందామని బల్ల పక్కనే వంగింది.

వెనకాలే ఒక బక్కపల్చటి పిల్ల, వాళ్ల నాన్న. ఆయన దర్జీ. పరుపు చుట్టి తలమీద పెట్టుకున్నాడు, దానికి కొత్త గలీబు స్వయంగా కుట్టినట్టున్నాడు, కుట్లు అంత శ్రద్ధగా ఉన్నాయి. పిల్ల సంతకం పెడుతుంటే తాళాలమ్మ రిజిస్టర్లో నంబరు చూసింది. తొమ్మిది.

"అమ్మా, మా పిల్ల ఇల్లు వదిలి ఉండడం ఇదే మొదలు" అన్నాడు దర్జీ. "తల్లి లేదు. నేను ఫోన్లో గదులవీ చూసి ఎంచగలిగేవాణ్ణి కాదు. కాగితంలో అన్నీ బాగున్నాయని ఉంటే తీసుకోమన్నాను. మీరు రోజూ చూసేవాళ్లు. గది పర్వాలేదంటారా?"

తాళాలమ్మ నోరు తెరిచింది. బూజు, పైపు, గేటుదాకా మోసిన పెట్టె, అన్నీ గొంతుదాకా వచ్చాయి. లోపలి గది గుమ్మంలో సూపర్వైజరు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఇప్పుడు నోరు జారితే ఎనభై ఎనిమిది కూడా పోతుంది.

"మంచి గదండీ" అంది. "కింద కదా, మెట్లెక్కే బాధ లేదు."

"హమ్మయ్య" అన్నాడాయన. పరుపు దించి, మెడ తిప్పుకుని, పక్కన ముడేసుకుంటున్న పిల్లని చూశాడు. "నువ్వూ కొత్తేనా తల్లీ? గదులు చూశావా? బాగున్నాయా?"

చెప్పెయ్యవే, అనుకుంది తాళాలమ్మ. నాకు చేతకాలేదు, నువ్వు చెప్పెయ్యి. ఏమైనా కానీ. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ ఏ మాటా కడుపులో దాచుకోలేదు. చెప్పేస్తుంది. చెప్పేస్తుందని భయపడింది, చెప్పేస్తే బాగుండునని అంతకన్నా ఎక్కువగా కోరుకుంది.

కూతురు లేచి నిలబడింది. తల్లిని ఒక్కసారి చూసింది. తర్వాత చేతిలోని తాళంచెవిని చూసుకుంది.

"అన్నీ బాగున్నాయంకుల్" అంది. "చూసినవాళ్లే రాశారు."

పెట్టె ఎత్తుకుని, ఆయాసం రాకుండా మెట్టు మెట్టుకీ ఆగుతూ, పైకి వెళ్లిపోయింది. తాళాలమ్మ తొమ్మిదో నంబరు తాళంచెవి తీసి దర్జీ కూతురి చేతిలో పెట్టింది. ఆ పిల్ల "థాంక్సండీ" అంది. తాళాలమ్మకి కళ్లల్లో నీళ్లు అడ్డొచ్చాయి. రిజిస్టర్లో తర్వాతి పేరు ఎవరిదో వెంటనే చదవలేకపోయింది.